బావమరిది ట్యాంకు

బావమరిది టీకి వెళ్తూ కంప్యూటర్ని తెరిచిపెట్టి వెళ్ళాడు. బావకు కావలసింది అదే. ఓసారి వెనక్కి చూసి, బావమరిది ట్యాంకులోకి గంటగంటకూ వెళ్ళే చక్కెర నీళ్ళను మూడో వంతుకు తగ్గించేశాడు. ఇక ఆకలితో మాడండి అని లోపల మందు తయారుచేసే సూక్ష్మజీవులతో మెల్లగా అన్నాడు. వాటి మీద అతనికి కోపమేమీ లేదు, పాపం.

కోపమంతా వాటిని పెంచుతున్నవాడి మీద. చెయ్యి పట్టుకుని ఈ మందుల కంపెనీలో తనే చేర్పించిన కుర్రాడు ఇప్పుడు పక్క ట్యాంకు ముందు పోటీకి నిలబడ్డాడు. ఎవరి ట్యాంకులో మందు ఎక్కువ తయారైతే వాళ్ళే టీమ్ లీడర్. ఇంట్లో భార్య అప్పుడే మొదలెట్టేసింది. కూరలో ఉప్పెక్కువైందంటే, మా తమ్ముడైతే నోరెత్తకుండా తింటాడంటోంది. రేపు ఆ తమ్ముడి కిందే పనిచేయాల్సి వస్తే ఆ ఇంట్లో ముద్ద దిగుతుందా?

శుక్రవారం డైరెక్టర్ ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. బావ ట్యాంకు ఎప్పటిలాగే లీటరుకు మూడు గ్రాముల మందిచ్చింది. బావమరిది ట్యాంకు కాగితం చూస్తూ ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు.

"బుధవారం మధ్యాహ్నం నీ ట్యాంకుకు చక్కెర తగ్గించారు. కంప్యూటర్లో నీ పేరే ఉంది."

బావమరిది అడ్డంగా తలూపాడు. "అప్పుడు నేను టీ దగ్గరున్నాను సార్. నేను తగ్గించలేదు."

డైరెక్టర్ బావ వైపు తిరిగారు. ఆ సమయానికి ట్యాంకుల హాల్లో ఉన్నది మీరే కదా, మీ చెయ్యేమైనా పడిందా అని నెమ్మదిగానే అడిగారు.

బావ తడుముకోకుండా ఒట్టేసేశాడు. "మా ఆవిడ మీద ఒట్టు సార్. ఆ ట్యాంకు ఛాయలకు కూడా పోలేదు."

అక్క మీదే ఒట్టేశాక తమ్ముడు నమ్మకుండా ఉంటాడా? బావ అలాంటివాడు కాదు సార్ అని వెనకేసుకొచ్చాడు. దాంతో బావకు ఇంకాస్త ఒళ్ళు మండింది.

డైరెక్టర్ కాగితం బల్ల మీద పెట్టి, బావమరిది భుజం తట్టారు.

"అయితే ఇది నీ పనే, ఊరికే మొహమాటపడుతున్నావు. లీటరుకు ఆరు గ్రాములొచ్చాయయ్యా! కడుపు మాడిస్తే ఇవి రెట్టింపు మందిస్తాయని కనిపెట్టిన బుర్ర ఎవరిదో తెలిస్తే, వాళ్ళనే లీడర్ని చేద్దామని ఇంతసేపూ అడుగుతున్నాను."