బయట కూర్చున్న రోజులు

"తలకాయల రోగానికి నెలసరితోని ఏం పని సార్?" అని భారతమ్మ మూతి తిప్పింది. టేకులపల్లిలో ఆమెకు తెలియని వైద్యం లేదు మరి.

ఖమ్మంలో మానసిక వైద్యుడి గది అది. పక్కన కోడలు సుజన తలవంచుకుని కూర్చుంది.

"నెలసరి వచ్చిన ప్రతిసారీ ఈమెకు చెవుల్లో తిట్లు వినపడటం ఎక్కువవుతోందమ్మా. ఆ రోజుల్లో ఒంట్లో ఈస్ట్రోజన్ హార్మోను తగ్గుతుంది. స్కిజోఫ్రీనియా మందులకు తోడు హార్మోను గోలీ కూడా ఇచ్చి చూద్దాం," అన్నాడు డాక్టరు.

"గింత సదువు సదివి గిదా కనిపెట్టింది!" భారతమ్మ కిసుక్కున నవ్వింది.

డాక్టరు చీటీ రాస్తూ అడిగాడు. "పాత మందులు రోజూ వేస్తున్నారు కదా?"

భారతమ్మకు రోషం పొడుచుకొచ్చింది. "నన్నే అడుగుతున్నవా సార్? మందుల డబ్బా దేవుని అర్రల పెట్టిన. దీపం ముట్టించి నేనే ఇస్త."

సుజన మొదటిసారి తలెత్తింది. "బయట కూసున్న దినాలు ఇయ్యదు సార్. నాకిచ్చిన చేతితోని డబ్బా ముడితే మైలంట."

డాక్టరు కలం ఆగిపోయింది.

"మరి దేవుని కాడ ఆచారం తప్పుతమా?" భారతమ్మ కొత్త చీటీ లాక్కుని భక్తిగా కళ్లకద్దుకుంది. "ఇవి గూడ ఆ డబ్బలనే పెడ్త."