వంతెన దగ్గర పద్దెనిమిది మంది

కెప్టెన్ గారి సిపాయిల్లో ఆఖరివాణ్ణి మాస్టారు రెండు వేళ్ళతో పట్టి పక్కకు పడుకోబెట్టారు. బొటనవేలంత సీసపు బొమ్మ. బల్లమీద చెక్క వంతెన ఖాళీ అయింది.

"మళ్ళీ పోయారు," అన్నారు కెప్టెన్ గారు. ఆ గొంతులో బాధకన్నా నెమ్మదే ఎక్కువ వినిపించింది.

తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇదే ఆట, ఇదే ఓటమి. ఇరవై ఆరేళ్ళ కిందట నిజంగా జరిగిన పోరాటమది. సైన్యం నది దాటి వెనక్కి వచ్చేదాకా వంతెనను కాపాడమని కెప్టెన్ గారు పద్దెనిమిది మందిని అక్కడ నిలబెట్టారు. సైన్యం దాటింది. దాటాక కూడా వాళ్ళను కదలొద్దన్నారు. ఒక్కడూ తిరిగి రాలేదు. ఇళ్ళకు ఉత్తరాలైతే రాశారుగానీ, ఏ ఇంటి గడపా తొక్కడానికి ఆయనకు కాళ్ళు రాలేదు.

మాస్టారు స్కూల్లో డ్రాయింగు చెప్పి, రిటైరయ్యాక ఆ వీధిలో దిగారు. వంతెన కథ విని, బల్లమీద పెట్టి చూద్దామన్నది ఆయనే. బొమ్మలకు రంగులు వేసిందీ, శత్రువు పక్షాన ఆడేదీ ఆయనే. అవతలివాళ్ళు అచ్చేసుకున్న యుద్ధచరిత్ర తెప్పించి, డిక్షనరీ పక్కన పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివి, అందులో ఉన్నట్టే బలగాన్ని పేర్చేవారు. వంతెన పక్కనుంచి పోయే ఎండు కాలువ చివర ఒక మెషిన్ గన్ ఎప్పుడూ ఉండేది.

ఆ సాయంత్రం కెప్టెన్ గారి భార్య గేటు దాకా వచ్చింది. డాక్టరు ఆయనకు ఇక వారాల లెక్కే అన్నాడని చెప్పింది.

"ఒక్కసారి ఓడిపోకూడదా అన్నయ్యగారూ? పోయేముందు ఆయన గెలుపు చూస్తారు."

"కుదరదమ్మా," అన్నారు మాస్టారు.

ఆమె గేటు వేసేసింది. ఆ తరవాతి ఆదివారాలు టీ కప్పు బల్ల అంచున ఠక్కున పెట్టి వెళ్ళిపోయేది.

చివరి ఆదివారం కెప్టెన్ గారికి పాచికలు వేసే ఓపిక కూడా లేదు. ఆయన వంతువీ మాస్టారే వేశారు. మధ్యలో కెప్టెన్ గారి వేలు కాలువ మీదికి పోయింది. ఇటునుంచి ఆ కుర్రాళ్ళని తీసుకొచ్చేస్తే ఎలా ఉండేదని అడిగారు. మాస్టారు మెషిన్ గన్ చూపించారు. వేలు వెనక్కి వచ్చింది.

"అయితే నేనేం చేసినా పోయేవాళ్ళేనా మాస్టారూ?"

"పోయేవాళ్ళే."

కెప్టెన్ గారు కళ్ళు మూసుకున్నారు. బుధవారం పొద్దున పోయారు.

నెల తిరిగాక, బొమ్మలు తీసుకుపొమ్మని ఆమె కబురు పెట్టింది. మాస్టారు అట్టపెట్టెతో వచ్చారు. చావబోయే మనిషిని కూడా గెలవనివ్వని పంతం ఎక్కడా చూడలేదని ఆమె మొహం మీదే అనేసింది. ఆయన తలొంచుకుని విన్నారు. తరవాత బొమ్మల్ని పెట్టెలో వేయకుండా వంతెన దగ్గర ఒక్కొక్కటే నిలబెట్టారు. కాలువ చివరి మెషిన్ గన్ తీసి జేబులో వేసుకున్నారు.

"ఇది పుస్తకంలో లేదమ్మా. నేనే పెట్టాను. పాచికలు మీరు వేయండి."

ఆమె అయిష్టంగానే వేసింది. సిపాయిలు కాలువలోకి దిగారు. ఆమె వేస్తూనే ఉంది, ఆయన జరుపుతూనే ఉన్నారు. కాలువ చివర క్షేమంగా గట్టెక్కిన బొమ్మల్ని లెక్కపెడితే పదహారు. మళ్ళీ ఆడితే పదిహేడు. మూడోసారి పద్దెనిమిదీ.

ఆమె చేతిలోంచి పాచికలు జారిపోయాయి.

"కాలువ ఖాళీగా ఉందని పుస్తకంలో చదివిన రోజే తెలిసింది," అన్నారు మాస్టారు. "రమ్మని ఒక్క మాట పంపితే వచ్చేసేవాళ్ళు. ఆయన ఒక్క ఆట గెలిచినా వాళ్ళు బతికేవాళ్ళేనని ఆయనకు తెలిసిపోయేది. అందుకే గెలవనివ్వలేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తేరుకున్నాక, ఈ సంగతి ఇంకెవరికీ చెప్పొద్దని చేతులు జోడించింది.

"వాళ్ళ కన్నవాళ్ళకి తెలిస్తే ఆయన్ని మట్టిలో కూడా ప్రశాంతంగా ఉండనివ్వరు అన్నయ్యగారూ."

మాస్టారు బొమ్మల్ని ఒక్కొక్కటే తీసి పెట్టెలో పడుకోబెట్టారు.

"వీళ్ళలో ఒకడు నా కొడుకమ్మా."