కింది వరస

పెనుకొండలో రైలు ఆగి కదిలిందో లేదో, అక్కడ ఎక్కి ఎదురు సీట్లో కూర్చున్న ఒకామె పవిత్ర పాటకి అడ్డం పడింది.

పవిత్ర పాడుతున్న వరస ఒకటి, ఆమె అందుకున్నది ఇంకొకటి. అదీ గరగరలాడే గొంతుతో.

“ఆంటీ, నేను ప్రాక్టీసు చేసుకుంటాండా,” అంది పవిత్ర.

“చేసుకో పాపా. నేనేమన్నా వద్దంటినా?”

పవిత్ర మళ్లీ మొదలుపెట్టింది. ఆమె కూడా మొదలుపెట్టింది. నాలుగో పంక్తికల్లా పవిత్ర తన వరస వదిలేసి ఆమె వరసలో పడింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

పవిత్రకి ఒళ్లు మండింది.

పవిత్ర ధర్మవరంలో ఒక బడిలో టీచరు, ఇల్లు హిందూపురం. నెలరోజుల్లో హంగేరీ వెళ్లాలి. అక్కడ పదిరోజుల బృందగాన శిబిరం. మొదట పవిత్ర పేరు వెయిటింగ్ లిస్టులోనే ఉండింది. ఎవరో తప్పుకోవడంతో చోటు దొరికింది. తొలిరోజే పరీక్ష ఉంటుందని రాశారు. నెగ్గినవాళ్లు చివరిరోజు కచేరీలో పాడతారు, మిగతావాళ్లు వినేవాళ్ల కుర్చీల్లో కూర్చుంటారు.

పవిత్రది ఆల్టో. అంటే అందరికీ తెలిసిన అసలు వరస కాదు, దాని కింద నడిచే వరస. విడిగా వింటే ఎవరికైనా తప్పుగానే తోస్తుంది. హిందూపురంలో వాళ్ల చర్చిలో ముప్పైమంది పాడినా అందరిదీ అసలు వరసే. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే రాజ్యం. తోడు పాడేవాళ్లు లేక పవిత్ర ఇంటికి పోయే రైల్లో ఒక్కతే పాడుకునేది. అలవాటైన ఒంటరితనమే అయినా, ఒక్కోసారి పాట మధ్యలో దిగులేసేది.

ఇప్పుడు ఈమె అసలు వరస పట్టుకుని తయారైంది. పాపం, ఆల్టో అంటే ఏమిటో తెలీక తనని సరిదిద్దుతోంది అనుకుంది పవిత్ర.

వారం రోజులు ఇదే తంతు. ఆమె పవిత్ర పక్కకి వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి మరీ పాడేది. మధ్యమధ్య దగ్గేది, నీళ్లు తాగేది.

“నన్ను ఇనొద్దు పాపా. నీ దావన నువ్వు పో.”

“మీరు పాడకుంటే పోతా గదా ఆంటీ.”

“నేను పాడకుంటే ఎవురైనా పోతారు.”

ఎనిమిదో రోజు పవిత్రకి ఓపిక చచ్చింది.

“మీకు గొంతూ లేదు, పాటా తెలీదు. నన్నెందుకు సతాయిస్తాండారు?”

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాటి నుంచి పవిత్ర బోగీ మార్చింది. పెనుకొండ ప్లాట్‌ఫాం మీద ఆమె ఒక్కో కిటికీలోకీ వంగి చూడటం రెండు రోజులు కనిపించింది. పవిత్ర తల వంచుకుని ఫోను చూసుకుంది. మూడో రోజు నుంచి ఆమె రాలేదు. పీడ పోయిందనుకుంది.

హంగేరీలో పవిత్ర పేరు సరిగా పలికినవాళ్లు లేరు. భోజనాల దగ్గర అందరూ జట్లు జట్లుగా కూర్చుంటే తను గోడ పక్కన కూర్చుని తింది.

పరీక్షలో ఆమె పాట మొదలుపెట్టగానే శిబిరం నడిపే గురువుగారు దగ్గరికి వచ్చారు. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, అసలు వరస అందుకున్నారు.

పవిత్ర తన వరసని ఎంత గట్టిగా పట్టుకున్నా, నాలుగో పంక్తికల్లా ఆయన వరసలో పడిపోయింది.

“పర్వాలేదు,” అంటూ ఆయన కుర్చీల వైపు చూపించారు.

ఆ సాయంత్రం వేదిక మీద అందరూ సాధన చేస్తుంటే పవిత్ర ఒక్కతే కింద కూర్చుంది. ఏడుపొచ్చింది. శిబిరం ఆఫీసు అమ్మాయి వచ్చి, మెడలో వేసుకునే కార్డొకటి చేతిలో పెట్టింది.

“ఇది మీ ఊరివైపు ఆవిడది. ముందే అచ్చయిపోయింది. తీసుకెళ్లి ఇస్తారా?”

“ఎవరావిడ?”

“మీకు చోటు వదిలిన ఆల్టో. గొంతులో గడ్డట. పోయిన వారమే ఆపరేషను చేశారు, ఇక మాట రాదట. మీ పేరు మేమే చెప్పాం. నా తర్వాత పేరున్న అమ్మాయి ఒంటరిగా సాధన చేస్తోంది, నా గొంతు ఉన్నన్నాళ్లూ రైల్లో తోడు పాడతానని మాకు రాశారు.”

పవిత్ర కార్డు తిప్పి చూసింది.

సుంకమ్మ, పెనుకొండ, ఆల్టో అన్న అక్షరాల పైన, తన కోసం రైలు కిటికీలన్నీ వెతికిన ఆ ముఖమే ఉంది.