గోడకో హోదా

"మన గోడని పక్క క్లబ్బు వాళ్లు ఎగరేసుకుపోయేట్టున్నారు బావా," అన్నాడు బావమరిది, గది తలుపు దగ్గరగా వేస్తూ.

బూటు లేసు ముడేస్తున్న హెడ్ కోచ్ చేతులు ఆగిపోయాయి. గోడ అంటే ఆయన డిఫెన్స్ కోచ్. ఫుట్‌బాల్ ఆడే రోజుల్లో బంతిని గాని మనిషిని గాని దాటనిచ్చేవాడు కాదని ఆ పేరు. ఈ ఏడు జట్టు కింది లీగుకి జారిపోకుండా వేలాడుతోందంటే ఆయన చలవే. జారిందంటే హెడ్ కోచ్ ఇంటికే అని ప్రెసిడెంటు ముందే చెప్పి ఉంచాడు.

"ఏ పోస్టుకట?"

"అసిస్టెంట్ హెడ్ కోచ్."

హెడ్ కోచ్ మొహం తేటపడింది. లీగు నిబంధన ఆయనకి కంఠతా వచ్చు. సీజన్ మధ్యలో ఒక క్లబ్బు కోచ్‌ని ఇంకో క్లబ్బు తీసుకోవాలంటే, ఉన్న హోదాకంటే పెద్దది ఇచ్చి తీసుకోవాలి. సమానమైనదైతే కుదరదు.

"అదేదో మనమే ఇచ్చేస్తే పోలా? తలుపు మీద పేరు మారిస్తే సరి."

గోడని పిలిపించాడు. ఆయన మోకాళ్లకంటిన మట్టితోనే వచ్చి నిలబడ్డాడు.

"రేపటినుంచి నువ్వు అసిస్టెంట్ హెడ్ కోచ్‌వి."

"పనేమన్నా మారుతుందా సార్?"

"ఏం మారదు."

"మరెందుకు సార్?"

"గౌరవానికయ్యా. వద్దంటావేం?"

గోడ తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి బావమరిది మళ్లీ తయారయ్యాడు. మొహం ముడుచుకుని ఉంది.

"డిఫెన్స్ చూసేవాడు పెద్దవాడూ, అటాక్ చూసే నేను చిన్నవాణ్ణా బావా?"

"మనం గోలు కొట్టి ఎన్నాళ్లయింది?"

"అది వేరే సంగతి. అక్కతో చెప్పమంటావా?"

ఆ సాయంత్రానికి బావమరిది అటాక్ వ్యవహారాల డైరెక్టరయ్యాడు. ఆ వెనకే గోల్‌కీపర్ల కోచ్ వచ్చాడు. జట్టులో అందరికంటే పెద్దాయన.

"నాకేం వద్దు బాబూ. అయితే కార్నర్ కిక్కు వచ్చినప్పుడు ఎవరెక్కడ నిలబడాలో నిన్నటిదాకా గోడ చెప్పేవాడు. ఇప్పుడాయన పెద్దవాడయ్యాడు, అడగాలంటే మొహమాటంగా ఉంది. ఆ పని ఎవరిదో తేల్చండి."

హెడ్ కోచ్ తేల్చాడు. మనకొచ్చే కార్నర్లు డైరెక్టరువి, అవతలివాళ్లకి వెళ్లేవి గోడవి. గాల్లో ఉన్నంతసేపు బంతి పెద్దాయనది, నేల తాకాక మళ్లీ గోడది. పెద్దాయన, "గాలి బాగా వీచిన రోజున ఎవరిది బాబూ?" అని అడిగి సెలవు తీసుకున్నాడు.

పక్క క్లబ్బు వాళ్లు ఊరుకోలేదు. అసోసియేట్ హెడ్ కోచ్ ఇస్తామన్నారు. హెడ్ కోచ్ ఆ పూటే గోడని సీనియర్ అసోసియేట్‌ని చేశాడు. వాళ్లు డిప్యూటీ అన్నారు. ఈయన జాయింట్ హెడ్ కోచ్ అన్నాడు. గోడ గది తలుపు మీది పేరు రేకు పెరిగి పెరిగి తలుపు వెడల్పు దాటేసింది. వడ్రంగి దాన్ని నిలువుగా బిగించి పోయాడు.

"ఇన్ని పేర్లు నాకెందుకు సార్?" అన్నాడు గోడ. "కుర్రాళ్లు నన్ను పిలవాలంటే ఆయాసపడుతున్నారు. నిన్న ఒకడు పూర్తిగా పిలిచేలోపు బంతి గోల్లో పడింది."

"అలవాటవుతుందిలే."

రాత్రి భోజనాల దగ్గర హెడ్ కోచ్ భార్యతో అన్నాడు. "జాయింట్ పైన ఇక హెడ్ కోచ్ ఒక్కటే. వాళ్ల హెడ్ కోచ్ కుర్చీలో రాయిలా కూర్చునున్నాడు. గోడ నా చెయ్యి దాటిపోడు."

"మా తమ్ముణ్ణి కూడా జాయింట్ చెయ్యొచ్చుగా?" అంది ఆవిడ.

ఆయన మంచినీళ్లు తాగి లేచాడు.

మర్నాడు ప్రెసిడెంటు రమ్మన్నాడని కబురొచ్చింది. వెళ్లేసరికి ఆయన కిటికీలోంచి మైదానంకేసి చూస్తున్నాడు. కింద గోడ ఒక్కడే, కుర్రాళ్లని భుజాలు పట్టుకుని ఎక్కడివాళ్లనక్కడ నిలబెడుతున్నాడు.

"పక్క క్లబ్బు వాళ్లు పొద్దున వాళ్ల హెడ్ కోచ్‌ని తీసేశారు," అన్నాడు ప్రెసిడెంటు.

"అయ్యో. ఎందుకు సార్?"

"మీరు గోడని జాయింట్ చేశారుగా. ఆయనకి అంతకంటే పెద్దది ఇద్దామంటే వాళ్ల దగ్గర ఆ కుర్చీ ఒక్కటే మిగిలింది. ఖాళీ చేయించారు."

హెడ్ కోచ్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "గోడ పోకూడదు సార్. ఆయన పోతే జట్టు మునిగిపోతుంది. ఏ హోదా అడిగితే ఆ హోదా ఇచ్చి ఆపండి. నా మాట వినండి."

"మీ మాటే విన్నాను. ఇందాకే సంతకం పెట్టాను. ఇక వాళ్లు ఆయన్ని కదపలేరు."

హెడ్ కోచ్ కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నవ్వాడు. "బతికించారు. ఉన్న పేర్లన్నీ నేనే వాడేశాననుకున్నాను. ఇంతకీ ఏ హోదా ఇచ్చారు సార్?"

"మీది," అన్నాడు ప్రెసిడెంటు.