ఎక్కిన చోటే

మెట్రో స్టేషన్ గేటు ఆ పెద్దావిడని బయటికి వదల్లేదు. అక్కడి ఉద్యోగి ఆవిడ కార్డు మిషన్ మీద పెట్టి చూశాడు.

“పొద్దున్నించీ లోపలే ఉన్నారు. ఎక్కిన చోటే దిగారు. దారి తప్పారా, మామ్మగారూ?”

“తప్పడానికి నేనేమన్నా పసిపిల్లనా?”

“లోపల ఇంతసేపు ఉండకూడదు. జరిమానా కట్టాలి.”

“కడతా. రేపూ వస్తా, రేపూ కడతా.”

అతను తెల్లబోయాడు. “ఇంతకీ ఎందుకు తిరిగారు?”

పైన కదిలిపోతున్న రైలు వైపు ఆవిడ చెయ్యి చూపింది.

“నడిపేది మా కోడలు. ఇవాళే మొదలు. ఆడది నడిపే రైలు ఎవడెక్కుతాడని మావాడు నవ్వాడు. ఖాళీగా పోకూడదని నేనెక్కా.”

ఆవిడ వంగి మోకాళ్ళు రుద్దుకుంది.

“ఇంటికెళ్ళి వాడి మొహం మీదే చెప్తా. ఇంతసేపూ నిలబడే ఉన్నా నాయనా, కూర్చోడానికి సీటు దొరికితే ఒట్టు!”