సొన్నమ్మవ్వ విభూతి

"మళ్లీ నూట రెండే!" చంకలోంచి తీసిన థర్మామీటరు విదిలిస్తూ అంది నర్సు సావిత్రమ్మ.

డాక్టర్ వెంకటగిరియప్ప తల పట్టుకున్నాడు. సొన్నమ్మవ్వకు అపెండిక్స్ ఆపరేషను చేసింది ఆయనే. కుట్లు శుభ్రంగా మానాయి. నాడి నిదానంగా ఉంది. సల్ఫా మాత్రలు వేళ తప్పకుండా ఇస్తూనే ఉన్నారు. అయినా పాడు జ్వరం దిగదు!

అవ్వది చిక్కపేటలో గాజుల అంగడి. ఇంత జ్వరంలోనూ మూలిగిన పాపాన పోలేదు, పైగా వార్డంతా నవ్విస్తుంది. మనిషంటే అలా ఉండాలి! కోడలు తెచ్చే వేడి రాగిసంగటి ముద్దను గుడ్డలో చుట్టి పక్కలో పెట్టుకుంటుంది.

"గంజి తాగేదానివి, నీకు సంగటెందుకవ్వా?" అంది సావిత్రమ్మ.

"తినేకి కాదు తల్లీ, కాపడానికి. నొప్పికి హాయిగా ఉండాది."

పళ్లు లేవు గనక ఆకువక్క దంచుకునే చిన్న రోలు కూడా దిండు పక్కనే. పొద్దస్తమానం టకటక.

"ఇంత దంచుతావు, నోరు పండదేం?"

"జ్వరం నోరు, యాడ పండుతాది?"

పక్క మంచం మీద ఆనేకల్ నేతగాళ్ల కోడలు వెంకటలక్ష్మి, పచ్చి బాలింత, కాన్పు తర్వాత వచ్చిన జ్వరంతో కాగిపోతోంది.

"ఏం చేసేది? బెంగుళూరికొచ్చే సల్ఫా మాత్రలన్నీ యుద్ధంలో పట్టాళానికే పోతున్నాయి. మిగిలినవి ఆపరేషనైనవాళ్లకే చాలవు," అని డాక్టరు చేతులెత్తేశాడు. ఇక ఆ పిల్లకు అవ్వే దిక్కు. పూటపూటా నంజుండేశ్వరుని విభూతి నీళ్లలో కలిపి తాగించేది.

"బూడిదతో జ్వరం తగ్గుతుందా?" డాక్టరు విసుక్కున్నాడు.

"మీ మాత్ర నాకేం ఒరగబెట్టిందప్పా? నా సామి మహిమ చూడండి!"

విచిత్రం! వెంకటలక్ష్మికి జ్వరం దిగుతూ వచ్చింది. అవ్వకే దిగలేదు.

"లోపల చీము పట్టినట్టుంది. రేపు మళ్లీ కోయాలి. ఈ వయసులో ప్రాణానికి పూచీ ఇవ్వలేను," అన్నాడు డాక్టరు.

"కొయ్యండప్పా, దానికేముండాది! అంతవరకూ మాత్రలు మాత్రం నిలపద్దండి."

ఔరా, ఏం గుండె అనుకున్నాడాయన.

మర్నాడు స్ట్రెచరు మీదికి ఎత్తుతుంటే అవ్వ చంకలోంచి సంగటి మూట జారి పడింది. డాక్టరు తీసి చూశాడు. ఇంకా వెచ్చగా ఉంది. అనుమానం వచ్చి, అవ్వకు తనే మళ్లీ థర్మామీటరు పెట్టాడు. జ్వరమే లేదు!

"ఎంత నాటకమాడావవ్వా! ఇల్లంటే అంత చేదా?"

"కోడలి వంట మీరు తినలేదు గదప్పా," అని నవ్వి, అవ్వ పక్క మంచం వైపు తిరిగింది. "పిల్లకెట్లుండాది?"

"జ్వరం పూర్తిగా పోయింది," అంది సావిత్రమ్మ.

"అట్లయితే నన్నూ పంపేయండి."

"ఇప్పుడే పో! నిన్ను మెచ్చుకున్నందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి!" డాక్టరు కోపంతో అవ్వ సామాన్లు తనే సంచిలో పడేస్తుంటే రోలు చేతికొచ్చింది.

అందులో విభూతితో కలిసి సగం నలిగిన సల్ఫా మాత్ర ఉంది.