నేలమాళిగలో దొంగ

"మళ్లీ తక్కువొచ్చిందా?" అన్నారు మేడమ్, కళ్లజోడు పైనుంచి చూస్తూ.

"వచ్చింది మేడమ్," అంది రేడానమ్మ తల దించుకుని.

ఆ పేరు ల్యాబులో పంపులు బాగుచేసే మెకానిక్ పెట్టాడు. రేడానమ్మ పని అలాంటిది మరి. భూమిలోంచి రేడాన్ అనే వాయువు పైకొస్తూ ఉంటుంది. అది విరిగి కంటికి కనబడని రేణువులవుతుంది. అవి గాల్లో కాసేపు షికారు చేసి, ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటాయి. గాల్లో ఎన్ని మిగిలాయో, గోడలకి ఎన్ని అతుక్కున్నాయో తేల్చాలి. అందుకోసం ల్యాబు కింద నేలమాళిగ తలుపు బిగించి, ఫ్యానాపేసి, గోడలకి స్టీలు రేకులు తగిలించింది. గాలిని వడపోత కాగితంలోంచి లాగే పంపు పెట్టింది. మధ్యమధ్య వెళ్లి కాగితం మారుస్తుంది.

వచ్చే రేడాన్ రోజూ ఒకటే. కానీ గాల్లోవీ గోడల మీదవీ కలిపితే లెక్క సరిపోవట్లేదు. మధ్యలో ఎవరో నొక్కేస్తున్నట్టే ఉంది!

"శుక్రవారంలోపు లెక్క తేలకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తాను," అన్నారు మేడమ్. ఆవిడ దగ్గర మొహమాటాలు చెల్లవు. ల్యాబులో అడుగుపెట్టాక ఎవరైనా ఆవిడకి స్టూడెంటే.

రేడానమ్మ రెండేళ్ల కష్టం నీళ్లపాలేనా?

ముందు మెకానిక్ మీద పడింది. "పంపు గాలి వదిలేస్తోంది, ఒప్పుకో అన్నా."

"నా పంపు మీద ఒట్టు, చుక్క గాలి పోదు," అన్నాడతను మీసం మీద చెయ్యేసి. చూస్తే నిజంగానే పోవట్లేదు.

తర్వాత ఊడ్చే ఆవిడ వంతు. "నేనా, తలుపు తీయడమా? ఆ గదికో దండం, ఆ గాలికో దండం తల్లీ!"

చివరికి తనే పహరా కాసింది. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా గదిలో కదలకుండా కూర్చుంది. ఆ రోజు మరీ ఘోరం. మునుపెన్నడూ లేనంత తక్కువొచ్చింది.

ఇంట్లో అత్తగారిది ఇంకో గొడవ. "ఆ నేలమాళిగ మంచుగడ్డలా ఉంటుంది. స్వెట్టర్ తీశావంటే ఊరుకోను," అంటారు రోజూ గుమ్మంలో. ఊదారంగు నైలాన్ ఉన్నితో ఆవిడే అల్లారు. "మా అమ్మ నాకు చేతిరుమాలు కూడా కుట్టలేదు," అని కుళ్లుకుంటాడు భర్త. తల్లి లేని పిల్ల రేడానమ్మ. తన కోసమని ఒకరు కూర్చుని అల్లడం అదే మొదటిసారి.

గురువారం సాయంత్రం నేలమాళిగలో మెడ దగ్గర దురదగా ఉంటే స్వెట్టర్ లాగింది. చిటపటమంది. జుట్టంతా నిక్కబొడుచుకుంది. ఆమె అలాగే ఆగిపోయింది. రేణువుల్ని పసిగట్టే కౌంటర్ తెచ్చి స్వెట్టర్ దగ్గర పెట్టింది. టకటకటకమని ఒకటే గోల! గోడ రేకుల దగ్గర కూడా అంత మోత ఎప్పుడూ లేదు.

ఓసి దీని దుంపతెగ, దొంగ ఇదా! ఒంటికి రాసుకుని కరెంటు పుట్టించుకుని, గాల్లో రేణువుల్ని అందినకాడికి లాగేస్తోంది. తనకేం ప్రమాదం లేదు, ఆ మోత కాసేపటికి దానంతటదే అణిగిపోతుంది.

శుక్రవారం స్వెట్టర్ మెట్ల మీద వదిలేసి, గజగజ వణుకుతూ లోపలికెళ్లింది. సాయంత్రానికి లెక్క పొల్లుపోకుండా తేలింది.

గెంతబోయి ఆగింది. మేడమ్‌కి కారణం చెప్పాలి. చెబితే పని దక్కుతుంది. కానీ ఆ మాట అత్తగారి చెవిన పడకుండా ఉంటుందా? అంత ప్రేమగా అల్లిన మనిషి ఎంత నొచ్చుకుంటుంది!

మెట్ల మీద కాసేపు కూర్చుంది. కళ్లు తుడుచుకుంది. వెళ్లి మేడమ్ టేబుల్ మీద లెక్కల కాగితాలూ, స్వెట్టరూ పెట్టేసింది.

"దొంగ ఇదే మేడమ్. వేసుకున్న రోజులవీ, తీసేసిన రోజుదీ చూడండి."

మేడమ్ చూశారు. మళ్లీ లెక్క వేశారు. స్వెట్టర్‌ని చేత్తో నిమిరారు. చిటపటమంది.

"పని నీదే," అన్నారు.

రేడానమ్మ థాంక్స్ చెప్పడం కూడా మర్చిపోయి తలుపు వైపు నడిచింది.

"నైలాన్ కొన్న బుద్ధి నాదే, ఈసారి నూలుతో అల్లుతాలే కోడలుపిల్లా," అన్నారు మేడమ్.